అప్‌డేట్: గీజర్ నుంచి వేడినీళ్లు సన్నగా వచ్చుడు, కారణం దొరికింది

హన్మకొండలో మా ఇంట్ల చల్లనీళ్లు మంచిగనే వస్తున్నయి, గీజర్ నీళ్లే దారం లెక్క వస్తున్నయని పోయిన నెల అడిగిన కదా. జవాబిచ్చినోళ్లందరికీ థాంక్స్.

ప్రెషర్ పంపు అవసరం పడలే. మిక్సర్ ట్యాప్ కార్ట్రిడ్జ్ (ట్యాప్ లోపల వేడినీళ్లు, చల్లనీళ్లు కలిపే భాగం) మార్చిన, పైసలు దండగ. "గీజర్ కింద ఇన్‌లెట్ (చల్లనీళ్లు లోపలికి పోయే చోటు) దగ్గర వాల్వ్ చూడున్రి" అన్న మాటే నిజమైంది. ప్లంబర్ కరెంటు బంద్ చేసి, నీళ్లు దించి, ఆ సేఫ్టీ వాల్వ్ విప్పితే లోపలంతా తెల్లటి సున్నపు పెచ్చులు! మాది బోరు నీళ్లు. వేడైతే సున్నం ఇంకా పేరుకుంటదట. గీజర్ ట్యాంకుల నుంచి కూడా గిన్నెడు పెళ్లలు తీసిండు. వాల్వ్ కొత్తది వేసిండు, నీళ్లు వేడిచేసే రాడ్ మాత్రం కడిగితే సరిపోయింది.

వాల్వ్ తీసేసి సీదా పైపు పెట్టుమని ఒకరు రాసిన్రు. అది మాత్రం చేయకున్రి, ట్యాంకుల ఎక్కువైన ప్రెషర్‌ను బయటికి వదిలేది అదే.

ఇప్పుడు బకెట్ మునుపటి లెక్కనే నిండుతున్నది.