చెరువు నుంచి కాలేజీ దాకా అంతా బర్గర్ కొట్టు లెక్కేనా?

చెరువుగట్టు (భీమవరం):
1948లో మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు కాలిఫోర్నియాలో తమ హోటల్ మెనూని బర్గర్ల లాంటి కొన్నింటికే తగ్గించి, వంటగదిలో ఒక్కొక్కరికి ఒక్కో పని అప్పజెప్పారు. ఆ పద్ధతి బడికీ ఆసుపత్రికీ పాకిపోతోందని 1993లో జార్జ్ రిట్జర్ అనే సామాజికవేత్త రాశాడు. వేగం, లెక్క, ఎక్కడికెళ్లినా ఒకే తీరు, మనిషి మీద అదుపు: ఆయన చెప్పిన లక్షణాలు ఈ నాలుగే.

మా చెరువే చూడండి. రొయ్య రుచి ఎవడిక్కావాలి? కిలోకి 30 రొయ్యలు తూగితే ఒక రేటు, 50 తూగితే ఇంకో రేటు. ఆ లెక్కనే కౌంటు అంటాం. మా నాన్న నీళ్ల రంగు చూసి మేత వేయించేవాడు. నేను నీళ్లలో దింపిన చెక్ ట్రే పైకి లాగి, అందులో మిగిలిన మేత చూసి, మేత చార్టు తిరగేస్తున్నా. అంతవరకు ఫర్వాలేదు. హాస్టల్లో ఉన్న మావాడు ఫోన్ చేస్తే నా నోట మొదట వచ్చే మాట, "వీక్లీ టెస్టులో ఎంత?" వాడికీ కౌంటు కట్టేశాను.

పూతరేకు (ఆత్రేయపురం):
లెక్కని తిట్టకండి గురువుగారూ. పెట్టెకి పది అని ఖాయం చేస్తేనే హైదరాబాద్ ఆర్డర్లు వస్తున్నాయి. ఆ రేకు తీయడం మాత్రం ఏ చార్టుకీ అందదు. బోర్లించిన కుండ మీద జావలో ముంచిన గుడ్డ పరిచి లాగేస్తారు. కుండ కాస్త ఎక్కువ కాగితే రేకు మాడుతుంది, తక్కువైతే ఊడి రాదు. అది చేతికే తెలియాలి.

గోదారోడు (యానాం):
పులస చేపకి కౌంటు కట్టండి చూద్దాం! గోదారికి వరద ఎర్రనీరు రావాలి, వల్లో పడాలి.

పూతరేకు:
సముద్రంలో పట్టిన ఇలసనే పులసంటూ అమ్మేస్తున్నారండి, మీరింకా ఎర్రనీరు దగ్గరే ఉన్నారు.

లంకపిల్ల (రాజోలు):
టోకెన్లు లేనప్పుడు ఆసుపత్రిలో మా అమ్మ పొద్దుటినుంచి గుమ్మం దగ్గరే కూర్చునేది. పెద్దింటివాళ్లు కారు దిగి నేరుగా లోపలికి పోయేవారు. ఇప్పుడు 14 అంటే 14వ మనిషే. కూలి మనిషికి మీ బర్గర్ లెక్క చేసిన మేలు చిన్నదేం కాదు.

చెరువుగట్టు:
టోకెన్ సంగతి ఒప్పుకున్నానమ్మా, అది నాకు తట్టలేదు. లోపలికెళ్లాక డాక్టరు తలెత్తి చూసేది రెండు నిమిషాలేగా అన్నదే నా బాధ.

రాత్రి మావాడికి నేనే ఫోన్ చేశా. మార్కుల ఊసెత్తకుండా "ఏం తిన్నావురా?" అన్నాను.
"గురువారం కదా నాన్నా, గుడ్డు కూరే" అన్నాడు.