స్టార్ట్ మెనూకు తాళం వేయాలా, వద్దా?

డీటీపీ అన్న, నల్లగొండ:
మాది చిన్న డీటీపీ షాపు. రెండు సిస్టమ్‌లు, రెండూ విండోస్ 10 ప్రో. ఒకటి నాది, ఒకటి ఆపరేటర్‌ది. ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్ల రోజుల్లో మాత్రం పిల్లలు వచ్చి ఆపరేటర్ సిస్టమ్ మీదే కూర్చుంటారు. అన్నిటికీ ఒకటే లాగిన్, పాస్‌వర్డ్ లేదు.

మొన్న ఎవడో టాస్క్‌బార్‌ను కుడిపక్కకు లాగి, కనబడకుండా దాచి పోయాడు. పత్రికలు కూర్చే పేజ్‌మేకర్ ఐకాన్‌ను బార్ మీద పిన్ చేసి పెట్టుకుంటే, అదీ తీసేశాడు. తెలుగు టైప్ చేసే అను స్క్రిప్ట్ మేనేజర్‌ను కూడా మూసేశాడు. మా ఆపరేటర్‌కు యాభై ఎనిమిదేళ్లు. ఆయన ఐకాన్ చూసి నొక్కడు, అదెక్కడుందో చేతికే తెలుసు. తల వంచుకుని టైప్ చేసి, తల ఎత్తితే లగ్గం పత్రికలో అక్షరాల బదులు ఏవేవో గుర్తులు! పదింటికి ఇస్తానన్న పత్రిక మూడింటికి ఇచ్చాను. పిల్ల తండ్రి ఒక్క మాట కూడా అనలేదు, అది ఇంకా బాధ.

మెనూ సెట్టింగులు ఎవరూ మార్చకుండా తాళం వేద్దామనుకుంటున్నా. మా తమ్ముడేమో "పదేళ్ల నుంచి పనిచేసే మనిషిని అనుమానించినట్టు ఉంటది" అంటున్నాడు. మీరేమంటారు?

పాలమూరు సర్వీస్ సెంటర్:
వేసేయండి అన్నా, ఆలోచన ఎందుకు. ప్రో కాబట్టి గ్రూప్ పాలసీ ఉంటది, అంటే యూజర్లు ఏం మార్చొచ్చో, ఏం మార్చకూడదో పెట్టే చోటు. రన్‌లో జీపీఎడిట్ డాట్ ఎంఎస్‌సీ కొట్టండి. యూజర్ కాన్ఫిగరేషన్, అందులో అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, అందులో స్టార్ట్ మెనూ అండ్ టాస్క్‌బార్. అక్కడ "ప్రివెంట్ ఛేంజెస్ టు టాస్క్‌బార్ అండ్ స్టార్ట్ మెనూ సెట్టింగ్స్" ఎనేబుల్ చేయండి. అదొక్కటే సరిపోదు. బార్‌ను పక్కకు లాగకుండా వేరే పాలసీ, పిన్ చేయకుండా ఇంకోటి, అన్నీ ఆ లిస్టులోనే కనబడతాయి. మళ్లీ లాగిన్ అయితే పని అయిపోయినట్టే.

మిర్యాలగూడ ఆపరేటర్:
ఓనర్లంతా ఓనర్ల లెక్కనే మాట్లాడుతున్నారు. కుర్చీలో కూర్చునేదాన్ని నేను చెబుతా. నేను పదేళ్లుగా టైపింగ్ చేస్తున్నా, రోజుకు తొమ్మిది గంటలు. సాయంత్రానికి కళ్లు మండుతాయి, అక్షరాలు పెద్దవి చేసుకుంటా. ఇంతకుముందు పనిచేసిన చోట ఒకరోజు వచ్చేసరికి సెట్టింగ్స్ తెరుచుకోవట్లేదు. అడిగితే "కస్టమర్లు పాడు చేస్తున్నారమ్మా" అన్నారు. పాడు చేసింది వాళ్లు, తాళం నాకు. మీ తమ్ముడు అన్నది నిజమే సార్.

పాలమూరు సర్వీస్ సెంటర్:
మేడం, మీ దగ్గర చేసింది వేరే. వాళ్లు కంట్రోల్ ప్యానెల్‌నూ సెట్టింగ్స్‌నూ మొత్తానికే మూసే పాలసీ పెట్టుంటారు. నేను చెప్పినవి టాస్క్‌బార్, మెనూ వరకే. అక్షరాల సైజుకు, వెలుతురుకు అవి అడ్డం రావు.

మిర్యాలగూడ ఆపరేటర్:
అడ్డం రాకపోవచ్చు. కానీ ఆ పేజ్‌మేకర్ పిన్ ఎక్కడ ఉండాలో ఎవరు నిర్ణయించాలి? వాడేవాళ్లా, బిల్లు కట్టేవాళ్లా? మీరు దీనికి జవాబు చెప్పలేదు.

జడ్చర్ల కుర్రాడు:
మా ఇంట్లో హోమ్ ఎడిషన్, అందులో గ్రూప్ పాలసీ ఎడిటర్ రాదు. వీడియో చూసి రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే చోట చేశా. కరెంట్ యూజర్ కింద పాలసీస్, ఎక్స్‌ప్లోరర్, అందులో నోసెట్‌టాస్క్‌బార్ అని ఒకటి పెట్టి విలువ 1 ఇవ్వాలి. చెల్లెలి లాగిన్‌లో కూర్చుని, అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగితే నాది కొట్టి చేశా. చెల్లెలికి ఏమీ కాలేదు, తాళం నాకు పడింది! ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నా. నా పాస్‌వర్డ్‌తో తెరిస్తే ఆ కరెంట్ యూజర్ అంటే నేనే అన్నమాట. చివరికి చెల్లెలి ఖాతాను కాసేపు అడ్మిన్ చేసి, అందులోంచే మార్చి, మళ్లీ మామూలు యూజర్ చేశా. రిజిస్ట్రీ ముట్టుకునే ముందు బ్యాకప్ తీసుకోండి, అది నేను తీసుకోలేదు.

వనపర్తి టీచర్:
మా బడి ల్యాబ్‌లో విండోస్ బదులు ఉబుంటు. దాని సెట్టింగులుండే డీకాన్ఫ్‌లో లాక్ ఫైల్ రాసి, అప్‌డేట్ కమాండ్ ఇస్తే వాల్‌పేపర్ నుంచి ఐకాన్లుండే డాక్ దాకా ఏది కావాలంటే అది బిగించవచ్చు. తెలిసి కూడా నేను చేయలేదు. ఆరో తరగతి పిల్ల వాల్‌పేపర్ మార్చి "సార్, నేనే చేసిన" అంటే దాన్ని ఆపడానికి నాకు మనసు రాలేదు. ప్రతి పిల్లకూ వేరే లాగిన్ ఇచ్చా. ఎవరిది వాళ్లు చెడగొట్టుకుంటారు, వాళ్లే బాగుచేసుకుంటారు. కానీ బడి వేరు, షాపు వేరు. అక్కడ పత్రిక టైముకు పోవాలి కదా. అన్నా, నన్నడిగితే మీ సమస్య మెనూ కాదు, అందరికీ ఒకే లాగిన్ ఉండటం. పిల్లలు బ్రౌజర్‌లో ర్యాంకు, పాస్‌వర్డ్ కొట్టి పోతున్నారు, అవి మీ ఆపరేటర్ లాగిన్‌లోనే మిగులుతున్నాయి. నాకైతే టాస్క్‌బార్ కంటే అదే ఎక్కువ భయం.

పాలమూరు సర్వీస్ సెంటర్:
టీచర్ గారి మాట ఒప్పుకుంటున్నా. నేను ముందు అదే చెప్పాల్సింది. ఇంకోటి, జీపీఎడిట్‌లో నేరుగా పెడితే అడ్మిన్‌కు కూడా తగులుతది, అంటే మీకూ తాళమే. రన్‌లో ఎంఎంసీ అని కొట్టి ఆ విండో తెరిచి, అందులో గ్రూప్ పాలసీ ఆబ్జెక్ట్ యాడ్ చేసేటప్పుడు బ్రౌజ్ నొక్కి, యూజర్స్‌లో నాన్ అడ్మినిస్ట్రేటర్స్ ఎంచుకుంటే మీకు తగలదు. ఒక్క యూజర్‌కే కావాలంటే అక్కడే ఆ పేరు కూడా ఎంచుకోవచ్చు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే ఆగింది, బయటివాళ్లు కూర్చునే సిస్టమ్ కాబట్టి దాని సంగతి కూడా చూడండి.

మిర్యాలగూడ ఆపరేటర్:
ఒక్క యూజర్‌కే పెట్టవచ్చంటే గొడవే లేదు. వచ్చిపోయేవాళ్లకు వేయండి. ఆయన్ను వదిలేయండి.

డీటీపీ అన్న, నల్లగొండ:
ఆదివారం కూర్చుని చేశా. "కస్టమర్" అని మామూలు యూజర్ ఒకటి పెట్టి, తాళాలన్నీ దానికే వేశా. పెద్దాయనకు సొంత లాగిన్, అందులో ఏ తాళమూ లేదు. ఎక్కడ ఏముండాలో ఆయన్నే పెట్టుకోమన్నా. పేజ్‌మేకర్‌ను పాత చోటే పెట్టించుకున్నాడు, దాని పక్కన క్యాలిక్యులేటర్ కావాలన్నాడు. పదేళ్లుగా అది స్టార్ట్ మెనూలో వెతుక్కుంటున్నాడట, నాకెప్పుడూ చెప్పలేదు.

అంతా బాగానే ఉంది. సోమవారం పొద్దున వచ్చి చూస్తే, నేనిచ్చిన పాస్‌వర్డ్‌ను చీటీ మీద రాసి మానిటర్‌కు అంటించాడు. పెద్ద అక్షరాలతో, ఎర్ర స్కెచ్ పెన్నుతో. దీనికేమైనా పాలసీ ఉందా?