చలి లోపలికి వస్తుందా? ‘ఉష్ణోగ్రత’ అనే మాట మీద చర్చ

అందరికీ నమస్కారం. హన్మకొండ దగ్గర ఒక ఊళ్లో పదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతాను. మొన్న ఉష్ణం పాఠంలో, చలి అనే శక్తి విడిగా ఏదీ లేదని, ఉన్నది ఉష్ణం ఒక్కటేనని, అది ఎక్కువ ఉష్ణోగ్రత ఉన్న వస్తువు నుంచి తక్కువ ఉన్న వస్తువుకు పోతుందని చెప్పాను. ఒక అమ్మాయి లేచి అడిగింది: “మరి మా నానమ్మ ‘తలుపెయ్యి బిడ్డా, సలి లోపటికొస్తంది’ అంటది గద సార్. అది తప్పా?”

తప్పు అనడానికి నోరు రాలేదు. ఇంటికి వచ్చాక కూడా అదే ఆలోచన.

మన మాటల్లో చలి నిజంగానే వస్తుంది, పెడుతుంది, పుడుతుంది. శివరాత్రికి శివశివా అంటూ వెళ్లిపోతుంది. అచ్చం ఒక మనిషిలా తిరుగుతుంది. కానీ అదే నానమ్మ పొయ్యి మీది నుంచి దించిన పాలను చూసి ‘సలి ఎక్కింది’ అనదు, ‘సల్లారినయి’ అంటుంది. ఆ మాటలో చివర ఉన్న ‘ఆరు’ వినండి. దీపం ఆరింది, మంట ఆరింది, బట్టలు ఆరాయి. మంట పోయినా ఆరడమే, తడి పోయినా ఆరడమే. పాలు చల్లారాయంటే లోపలికి ఏదో చేరిందని కాదు, లోపల ఉన్నది బయటికి పోయిందని. పాఠం చెప్పేదీ అదే. నానమ్మ తన ఒంటికి తెలిసింది చెప్పేటప్పుడు ఒక మాట, పాలకు జరిగింది చెప్పేటప్పుడు ఇంకో మాట వాడుతోంది. రెండూ ఆమెకు తెలుసు.

ఇక ‘ఉష్ణోగ్రత’. ఇది నోరు తిరగని మాట, ‘వేడి’ అని రాస్తే సరిపోదా అని ఈ గ్రూపులో ఇంతకుముందు ఒకరు అడిగారు. వేడి నాకూ ఇష్టమైన మాటే. వేగడం, వెచ్చన, వేసవి అన్నీ దాని చుట్టాలు. మన యాసంగి కూడా వేసంగే. వేప మన దగ్గర యాప అయినట్టు. కానీ పాఠంలో దాన్నొక్కదాన్నే పెట్టుకుంటే రెండు పనులు దాని మీద పడతాయి. ‘నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయి’ అంటే అడిగేది ఉష్ణోగ్రత. ‘ఈ నీళ్లు కాగడానికి ఎంత వేడి కావాలి’ అంటే అడిగేది ఉష్ణం.

పిల్లలకు ఊదుబత్తి ఉదాహరణ చెబుతాను. వెలుగుతున్న దాని కొన కొన్ని వందల డిగ్రీలు ఉంటుంది, తగిలితే చర్మం బొబ్బెక్కుతుంది. కాగులో నీళ్లు 45 డిగ్రీలే, హాయిగా స్నానం చేయవచ్చు. అయినా ఆ కాగులో ఉన్నంత శక్తి ఊదుబత్తి కొనలో ఎక్కడిది? దాన్ని నీళ్లలో ముంచితే అది ఆరిపోతుంది, నీళ్లకు తేడా కూడా తెలియదు. ఊదుబత్తిది ఉగ్రత, కాగుది రాశి. ఉష్ణం, ఉగ్రత కలిసి గుణసంధితో ఉష్ణోగ్రత అయింది. ‘ఎంత ఉంది’ అని కాక ‘ఎంత తీవ్రంగా ఉంది’ అని చెప్పే మాట అది. ఎవరు కట్టారో గాని చాలా ఆలోచించి కట్టారు.

ఈ తేడాను పాశ్చాత్యులు కూడా చాలాకాలం పట్టించుకోలేదు. 1760ల్లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రవేత్త దాన్ని స్పష్టంగా పట్టుకున్నాడు. కరుగుతున్న మంచుకు ఉష్ణం అందుతూనే ఉంటుంది, థర్మామీటరు మాత్రం సున్నా దగ్గరే నిలబడి ఉంటుంది. కిలో మంచు కరగడానికి 3,34,000 జౌళ్లు పడుతుంది. అంత శక్తితో కిలో నీళ్లను సున్నా నుంచి దాదాపు 80 డిగ్రీల దాకా వేడి చేయవచ్చు. థర్మామీటరుకు కనబడకుండా దాగిన ఆ ఉష్ణానికి మనవాళ్లు పెట్టిన పేరు గుప్తోష్ణం. ఉష్ణం, ఉష్ణోగ్రత రెండూ ఒకటే అనుకుంటే ఈ మాటకు అర్థమే ఉండదు.

మీ ఊళ్లలో ఈ మాటలు ఎట్లా వాడతారో రాయండి.

జవాబు, ఆదిలాబాద్ నుంచి:
సార్, చలికాలం మా దగ్గర ఒకటే అంకెకు పడిపోతుంది. తెల్లారగట్ల వేళ్లు కొంకర్లు పోతయి. అప్పుడు కూడా ‘ఉగ్రత’ అంటే వినడానికి ఎట్లనో ఉంటది. చలిమాపకం అని ఉంటే బాగుండు అనిపిస్తది.

జవాబు, మొదటి పోస్టు రాసిన నేనే:
అన్నా, మీకు అట్లా అనిపించడం సహజం. కానీ 5 డిగ్రీల చలిలో కూడా మీ చుట్టూ ఉన్న గాలి అణువులు సగటున సెకనుకు 450 మీటర్ల పైచిలుకు వేగంతో పరుగెత్తుతుంటాయి. ఆ చలనం ఎంత జోరుగా ఉందో చెప్పేదే ఉష్ణోగ్రత. మన సున్నా డిగ్రీలు నీళ్లు గడ్డకట్టే చోటు మాత్రమే. అసలు అడుగు −273.15 దగ్గర ఉంది, అంతకంటే కిందికి పోవడానికి లేదు. చలికి తనదైన కొలత ఉండి ఉంటే ఇట్లా అడుగు ఉండేది కాదు.

ఇంకొకటి. పొద్దున్నే స్టీలు చెంబు పట్టుకుంటే జివ్వుమంటుంది, పక్కనే ఉన్న చెక్కపీట అంత చల్లగా అనిపించదు. రాత్రంతా ఒకే గదిలో ఉన్నాయి కాబట్టి రెండింటి ఉష్ణోగ్రతా ఒకటే. స్టీలు చేతిలోని ఉష్ణాన్ని గబగబా లాక్కుంటుంది, చెక్క నిదానంగా తీసుకుంటుంది. చెయ్యికి తెలిసేది ఆ పోయే వేగమే. ‘చలి’ అనే మాట పుట్టింది అక్కడే అని నాకు అనిపిస్తుంది.

జవాబు, మంచిర్యాల నుంచి:
సార్, నేను నర్సుగా చేస్తున్నాను. పెయ్యి పట్టుకుంటే కాలిపోతుంటది, పేషెంటు మాత్రం ‘సలి, సలి’ అని రెండు దుప్పట్లు కప్పుకుంటడు. అందుకే మన దిక్కు సలిజరం అంటరు. మెదడు ఒంటి వేడిని ఇంకా పైకి తేవాలని నిర్ణయించుకున్నప్పుడు, 38 ఉన్నా ఆ మనిషికి తక్కువే అనిపిస్తది, వణుకుతో ఉష్ణం పుట్టిస్తది. థర్మామీటరు చెప్పేది ఒకటి, ఒళ్లు చెప్పేది ఒకటి. ఆ రెండింటినీ మనవాళ్లు ఒకే మాటలో పెట్టిన్రు.

జవాబు, వరంగల్ కోట నుంచి:
మా తాతయ్య నిజాం జమానాలో ఉర్దూ మీడియం చదివిండు. ఆయన ఉష్ణోగ్రతను ‘దర్జా-ఎ-హరారత్’ అనేటోడు. వేడి యొక్క మెట్టు అని అర్థం. హిందీలో తాపమాన్, తమిళంలో వెప్పనిలై, అంటే వేడి స్థితి. అన్నిట్లోనూ వేడి నుంచే మొదలుపెట్టిన్రు గదా సార్?

జవాబు, మొదటి పోస్టు రాసిన నేనే:
అవును అన్నా, ఇది నాకు తట్టలేదు. మెట్టు, మానం, నిలై, ఉగ్రత: నాలుగు భాషలు నాలుగు దారుల్లో వచ్చాయి, ఒక్కటి కూడా చలి పేరు పెట్టుకోలేదు. తాతయ్య మాట రేపు బోర్డు మీద రాస్తాను. అమ్మా, మీ సలిజరం కూడా. ఆ అమ్మాయిని వాళ్ల నానమ్మ దగ్గర ఇట్లాంటి మాటలు ఇంకో నాలుగు అడిగి రాసుకురమ్మని చెప్పాను.