థ్రాటిల్ ఒక లెక్క, ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఇంకో లెక్క: లీకు ఎక్కడుంటుంది?

అన్నలూ, బండి 1.5 లీటర్ పెట్రోల్ సెడాన్. ఫ్లైఓవర్ ఎక్కుతూ కాస్త గట్టిగా తొక్కితే జర్క్ కొట్టి చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతోంది. స్కానర్‌లో కోడ్ పీ0068. థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వదిలే కవాటం) తెరుచుకున్న మేరకు గాలి లెక్క తేలట్లేదని ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, గోల.

మెకానిక్ చూడగానే "థ్రాటిల్ బాడీ మార్చేద్దాం సార్" అన్నాడు. నాకు నమ్మకం కుదరట్లేదు. కీ ఆన్ చేసి పెడల్ మెల్లగా తొక్కితే థ్రాటిల్‌లోని రెండు సెన్సర్లలో ఒకటి 0.7 వోల్టుల నుంచి పైకి, రెండోది 4.3 నుంచి కిందికి సాఫీగా కదులుతున్నాయి. రెండూ కలిపితే ఎప్పుడూ 5 దగ్గరే.

తిరకాసంతా ఫ్యూయల్ ట్రిమ్‌లో, అంటే ఈసీయూ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే లెక్కలో ఉంది. ఐడిల్‌లో లాంగ్ టర్మ్ ట్రిమ్ (కొంతకాలంగా నేర్చుకున్న సవరణ) ప్లస్ 17, 2500 ఆర్‌పీఎంలో నిలిపితే ప్లస్ 4. మాఫ్‌కి (లోపలికొచ్చే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్) దుమ్ము పట్టి ఉంటే రేస్ పెంచేకొద్దీ ట్రిమ్ కూడా పెరగాలి కదా? కాబట్టి మాఫ్ దాటాక ఎక్కడో దొంగగాలి దూరుతోంది. వెతికితే ఫిల్టర్ బాక్స్ నుంచి వచ్చే రబ్బరు గొట్టం అడుగున, ముడతలో, వేలితో సాగదీస్తేనే కనిపించే పగులు దొరికింది.

కానీ ఆ గొట్టం థ్రాటిల్‌కి ముందుంది. ఐడిల్‌లో అక్కడ లాగుడే పెద్దగా ఉండదు. మరి ట్రిమ్ ఐడిల్‌లోనే ఎందుకంత ఎక్కువ? థ్రాటిల్ దాటాక సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గరో, ఇంజిన్ లోపలి ఆవిర్లను అందులోకి లాగే పీసీవీ పైపులోనో రెండో లీకు ఉందంటారా? పొగ పంపి లీకు పట్టే స్మోక్ టెస్ట్ చేసే షెడ్డు మా దగ్గర లేదు. ఇంట్లో పట్టుకునే దారి ఏదైనా ఉందా? గొట్టం మార్చాక థ్రాటిల్ రీలెర్న్ (థ్రాటిల్ స్థానాన్ని ఈసీయూకి మళ్లీ నేర్పడం) చేయించాలా, ట్రిమ్‌లు రీసెట్ చేస్తే సరిపోతుందా?