సస్పెండైన లైసెన్సుతో కారు నడిపిన కేసు: జరిమానా కట్టేసి రావడమేనా?

సన్నీవేల్ నుంచి, స్వస్థలం గుంటూరు బ్రాడీపేట

పెద్దలందరికీ నమస్కారం. నేను ఉద్యోగం మీద కాలిఫోర్నియాకు వచ్చి ఏడాదిన్నర అయింది. పోయిన గురువారం రాత్రి ఎల్ కమినో రియల్ మీద వెనక దీపం ఒకటి వెలగడం లేదని పోలీసు అధికారి నా కారు ఆపి, లైసెన్సు వివరాలు చూసి, అది రెండు నెలలుగా సస్పెన్షన్‌లో ఉందని చెప్పారు. నాకు ఆ సంగతి తెలిసింది అప్పుడే. పక్కనున్న స్నేహితుడికి లైసెన్సు ఉండటంతో కారు అతనికి అప్పగించి, వాహన చట్టం 14601.1 సెక్షన్ కింద టికెట్ రాసి నా సంతకం తీసుకున్నారు.

నాకు తోచిన కారణం ఒక్కటే. ఆరు నెలల క్రితం కిరాణా దుకాణం పార్కింగులో కారు వెనక్కి తీస్తూ, ఆగి ఉన్న మరో కారు బంపరుకు తగిలించాను. ఆయన అడిగిన 1,200 డాలర్లు చేతికిచ్చి, అంతటితో సరిపోయిందనుకున్నాను. తర్వాత శాంటా క్లారా నుంచి ఇల్లు మారినప్పుడు కొత్త చిరునామా పోస్టాఫీసుకు ఇచ్చాను గానీ డీఎంవీకి, అంటే లైసెన్సులిచ్చే ఇక్కడి రవాణా శాఖకు, ఇవ్వలేదు.

నాన్నగారు "చలానా కట్టేసి వదిలించుకో, ఇక్కడ నీ పేరు మీద మళ్లీ అంతర్జాతీయ పర్మిట్ తీయించి పంపుతాను" అంటున్నారు. అంతదాకా నా భారతీయ లైసెన్సుతో నడపవచ్చా? వచ్చే శీతాకాలం వీసా స్టాంపింగ్ కోసం హైదరాబాద్ వెళ్లాలి. ఏం చేయమంటారు?

ఫ్రీమాంట్ నుంచి, స్వస్థలం విజయవాడ సత్యనారాయణపురం

తమ్ముడూ, ముందుగా చివరి ప్రశ్నకు జవాబు: నడపకూడదు, ఒక్క మైలు కూడా. సస్పెండైనది మీ జేబులోని కార్డు కాదు, ఈ రాష్ట్రంలో వాహనం నడిపే మీ హక్కు. భారతీయ లైసెన్సు గానీ, నాన్నగారు పంపే పర్మిట్ గానీ దాన్ని తిరిగి తెచ్చిపెట్టవు. పైగా ఆ పర్మిట్ మన లైసెన్సుకు అనువాదపత్రం లాంటిదే తప్ప విడిగా లైసెన్సు కాదు. ఇంకో సంగతి కూడా గమనించండి. సస్పెన్షన్ గురించి అధికారి మీకు నోటితో చెప్పిన క్షణం నుంచి "నాకు తెలియదు" అనే మాటకు విలువ పోయింది. గురువారం రాత్రి కేసులో ఆ మాటే మీకు ఆయుధం, శుక్రవారం నడిపి ఉంటే అది మీ దగ్గర ఉండదు.

నేను న్యాయవాదిని కాను. మనవాళ్లు కొందరికి తోడుగా ఇక్కడి ట్రాఫిక్ కోర్టులకు వెళ్లి కూర్చున్న అనుభవం మాత్రం ఉంది. ఇది మన ఊళ్లో సిగ్నల్ దాటితే రాసే చలానా లాంటిది కాదని నాన్నగారికి నెమ్మదిగా చెప్పండి. 14601.1 కింద పెట్టేది మిస్‌డిమీనర్, అంటే క్రిమినల్ కేసు. మొదటిసారి తప్పు రుజువైతే ఆరు నెలల వరకు కౌంటీ జైలు గానీ, 300 నుంచి 1,000 డాలర్ల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. మొదటి తప్పుకు జైలు అరుదు, కానీ జరిమానా మీద పడే అదనపు వడ్డనలు అసలు మొత్తానికి కొన్ని రెట్లవుతాయి. డ్రైవింగ్ రికార్డులో రెండు పాయింట్లు చేరతాయి. టికెట్ మీద మీరు పెట్టిన సంతకం నేరాంగీకారం కాదు, ఫలానా రోజున హాజరవుతానన్న హామీ మాత్రమే. ఆ హామీ తప్పితే అది 40508 సెక్షన్ కింద మరో మిస్‌డిమీనర్ అవుతుంది.

ఇక అసలు విషయం. ప్రాసిక్యూషన్ మూడు సంగతులు రుజువు చేయాలి: మీరు నడిపారని, ఆ సమయానికి సస్పెన్షన్ అమల్లో ఉందని, ఆ సంగతి మీకు తెలుసునని. మొదటి రెండింటి మీద మీరు చేయగలిగేది తక్కువ. కారు ఆపడమే చెల్లదనే వాదనకూ చోటు లేదు, వెలగని దీపం ఒక్కటి చాలు. 2020లో కాన్సాస్ వర్సెస్ గ్లోవర్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు ఇంకా ముందుకు వెళ్లి, కారు యజమాని లైసెన్సు రద్దయిందని నంబరు ద్వారా తెలిస్తే, నడుపుతున్నది ఆయన కాదనిపించే సమాచారం ఏదీ లేనప్పుడు, ఆ ఒక్క ఆధారంతోనే కారు ఆపవచ్చని చెప్పింది. కాబట్టి మీ కేసంతా మూడో అంశం మీదే నిలుస్తుంది.

తెలుసునని ఎలా రుజువు చేస్తారు? మీరు చివరిగా తెలిపిన చిరునామాకు డీఎంవీ సాధారణ ఫస్ట్ క్లాస్ పోస్టులో నోటీసు పంపి, అది తిరిగి రాకపోతే, మీకు తెలిసినట్టే చట్టం ఊహిస్తుంది. అయితే అది ఖండించడానికి వీలున్న ఊహ. ఉత్తరం అందజేయలేమంటూ డీఎంవీకే తిరిగి వచ్చి ఉంటే ఆ ఊహకు ఆధారమే ఉండదు. అందుకే ఇవాళే మీ డ్రైవింగ్ రికార్డు తెప్పించండి. హెచ్-6 అని అడిగితే పదేళ్ల రికార్డు ఇస్తారు. సస్పెన్షన్ ఏ కారణంతో, ఏ తేదీ నుంచి ఉందో అందులో ఉంటుంది. దాన్నీ, నోటీసు పంపిన కాగితాలనూ న్యాయవాది చేత పరిశీలింపజేయండి. వాటితో పాటు పాత ఇల్లు ఖాళీ చేసిన తేదీ, కొత్త ఇంటి అద్దె ఒప్పందం, పోస్టాఫీసు ఇచ్చిన చిరునామా మార్పు ధ్రువీకరణ సిద్ధం చేసుకోండి. ఇల్లు మారిన పది రోజుల్లో డీఎంవీకి చెప్పలేదనే చిన్న తప్పు వీటివల్ల బయటపడుతుంది. ఇంత పెద్ద అభియోగం ముందు దాన్ని భరించవచ్చు.

సస్పెన్షన్‌కు కారణం కూడా మీరు అనుకున్నదే కావచ్చు. ప్రమాదంలో ఎవరికైనా గాయమైనా, ఎవరి ఆస్తికైనా 1,000 డాలర్లకు మించి నష్టం జరిగినా, తప్పు ఎవరిదైనా, పోలీసులు వచ్చినా రాకపోయినా పది రోజుల్లో డీఎంవీకి ఎస్ఆర్-1 నివేదిక పంపాలి. దుకాణంలాంటి ప్రైవేటు స్థలంలోని పార్కింగుకూ ఇది వర్తిస్తుంది. చేతికి డబ్బిచ్చి సర్దుకోవడం మనకు పెద్దమనుషుల పద్ధతే గానీ, ఆ నివేదిక బాధ్యతను అది తీర్చదు. ఎదుటి ఆయన తన వంతు నివేదిక పంపి, మీది లేకపోతే ఇలాగే జరుగుతుంది. రికార్డు కూడా అదే చెబితే, ప్రమాదం నాటికి బీమా ఉందన్న రుజువుతో ఇప్పుడైనా ఎస్ఆర్-1 పంపి, పునరుద్ధరణ రుసుము కట్టి, లైసెన్సు సరిచేయించుకోండి. సరైన లైసెన్సు చేతిలో పెట్టుకుని కోర్టుకు వచ్చిన వారికి, ప్రాసిక్యూటర్లు అభియోగాన్ని తరచుగా 12500 సెక్షన్ కిందకు, అంటే లైసెన్సు లేకుండా నడపడం కిందకు, కొన్నిసార్లు ఇన్‌ఫ్రాక్షన్ స్థాయికి, అంటే జైలు లేని చిన్న తప్పు స్థాయికి కూడా తగ్గిస్తారు. మొదటి వాయిదాకు ముందే ఈ పని పూర్తి కావాలి.

విజయవాడ గవర్నర్‌పేట నుంచి, విశ్రాంత న్యాయవాది

మా అన్నయ్యగారి అమ్మాయి ద్వారా ఈ చర్చ చూశాను. మన మోటారు వాహనాల చట్టంలో కూడా ఇది తేలిక నేరం కాదు. అనర్హత ఉండగా నడిపితే, 2019 సవరణ తర్వాత, 182వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అబ్బాయి తండ్రిగారు ఈ సంగతి గమనించాలి. ఒక సందేహం. మా కోర్టుల్లో రిజిస్టర్డ్ కవరు సరైన చిరునామాకు వెళ్లి "తలుపు తాళం" అని తిరిగొచ్చినా, జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అందినట్టే భావించడం మామూలు. చెక్కు కేసుల్లో 2007లో సుప్రీం కోర్టు కూడా అదే దారి చూపింది. అక్కడ తిరిగొచ్చిన ఉత్తరం నిందితుడికి మేలు చేస్తుందంటే ఆశ్చర్యంగా ఉంది.

ఫ్రీమాంట్ నుంచి

బాబాయిగారూ, మీ ఆశ్చర్యం న్యాయమైనదే. తేడా చట్టం మాటల్లోనే ఉంది: నోటీసు తిరిగి రాకుండా ఉన్నప్పుడే ఊహ పనిచేస్తుందని ఇక్కడ 13106వ సెక్షన్‌లో రాసిపెట్టారు. పోస్టు కూడా రిజిస్టర్డ్ కాదు, మామూలు ఉత్తరమే. అది చేరలేదని పోస్టాఫీసే చెప్పినప్పుడు ఇక ఊహించడానికి మిగిలేదేమీ లేదు.

తమ్ముడూ, వీసా సంగతి మొదటి జాబులో వదిలేశాను. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో అరెస్టు, శిక్షల గురించి సూటి ప్రశ్న ఉంటుంది, కేసు తర్వాత కొట్టేసినా సరే. కాబట్టి "అభియోగాన్ని ఎదిరించను" (నో కాంటెస్ట్) అని ఒక్క మాట చెప్పి జరిమానా కట్టేయడం మీకు సులువైన దారి కాదు. వలస చట్టం దృష్టిలో అది కూడా శిక్షే. 2010లో పడియా వర్సెస్ కెంటకీ తీర్పు ప్రకారం, నేరాంగీకారం వల్ల దేశం నుంచి పంపించే ప్రమాదం ఉంటే ఆ సంగతి క్లయింటుకు చెప్పడం డిఫెన్స్ న్యాయవాది బాధ్యత. అంచేత మీరు పెట్టుకునే వకీలుకు మొదటి మాటగా మీ వీసా స్థితి చెప్పండి, వీలైతే వలస న్యాయవాదితో కూడా ఒక గంట మాట్లాడించండి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే కోర్టు పబ్లిక్ డిఫెండర్‌ను ఇస్తుంది, అడగడానికి మొహమాటపడకండి.

కాలిఫోర్నియా శిక్షాస్మృతి (పీనల్ కోడ్) 1001.95 సెక్షన్ గురించి కూడా వకీలును అడగండి. 2021 నుంచి అమల్లో ఉన్న ఈ ఏర్పాటులో, నేరం ఒప్పుకోకుండానే, జడ్జి విధించిన షరతులు గరిష్ఠంగా 24 నెలలలో పూర్తి చేస్తే కేసు కొట్టేస్తారు. ఒప్పుకోలు లేకపోవడమే వీసాదారుకు ఇందులోని లాభం. కేసు ఏ రూపంలో ముగిసినా, తీర్పు ధ్రువీకృత నకలు రెండు తీసుకుని ఒకటి హైదరాబాద్ ఇంటర్వ్యూకు పెట్టుకోండి.

సన్నీవేల్ నుంచి

అన్నగారూ, బాబాయిగారూ, కృతజ్ఞతలు. రికార్డుకు దరఖాస్తు చేశాను. బీమా కంపెనీ కూడా రుజువుపత్రం పంపుతామంది. నాన్నగారికి 182వ సెక్షన్ చదివి వినిపించాను, పర్మిట్ ఆలోచన మానుకున్నారు. ఒక్కటే చిన్న ప్రశ్న. ఇంటి నుంచి కోర్టుకు బస్సు రెండు మారాలి. ఆ ఒక్క ఉదయం మాత్రం...

ఫ్రీమాంట్ నుంచి

వద్దు. మీ కేసులో కారును ముట్టకూడని చోటు ఒకటి ఉందంటే అది కోర్టు పార్కింగే. ఉదయం ఏడున్నరకు కిందికి రండి, నేను వచ్చి తీసుకెళ్తాను. కాగితాలన్నీ ఒకే ఫైలులో పెట్టుకోండి.