చెల్లి పెళ్లికి ఆర్టిఫిషియల్ పూల గుత్తులు: కాడలు కదలకుండా నిలబెట్టేదెలా?

అందరికీ నమస్కారం. మా చెల్లి పెళ్లికి టేబుళ్ల మీద పెట్టే పూల గుత్తులు నేనే చేస్తానని మాటిచ్చాను. బట్టతో చేసిన గులాబీలు, లిల్లీలు, కొన్ని ఆకుల కొమ్మలు తెప్పించాను. రంగులు చాలా బాగున్నాయి. చిక్కంతా కాడలతోనే. లోపల ఇనప తీగ ఉండటంతో బరువెక్కువ. థర్మాకోల్‌లో గుచ్చితే కాసేపటికే రంధ్రం వదులైపోయి పువ్వు తల వాల్చేస్తోంది. గ్లూ గన్‌తో అంటిద్దామంటే ఆ వేడికి థర్మాకోలే కరిగి గుంట పడుతోంది. తక్కువ వేడి గ్లూ గన్ సరిపోతుందా, లేక ఎండు పూలకు వాడే గట్టి ఫోమ్ కొనాలా? తాజా పూలకు వాడే పచ్చ ఫోమ్ నీళ్లు పీల్చుకోవడానికి చేసింది, అందుకే దాని జోలికి పోలేదు.

డబ్బాలో నలిగిన రేకులకు ఆవిరి పట్టాను, చక్కగా విచ్చుకున్నాయి. కానీ అంచుల్లో దారాలు లేస్తున్నాయి. కత్తిరించే కొద్దీ పువ్వు చిన్నదైపోతోంది. వేరే మార్గం ఉందా?

ఫ్లవర్ వాజులు తేలిక. అడుగున గులకరాళ్లు పోస్తే చాలా? పిల్లలు తగిలినా పడిపోకూడదు. ఇలాంటివి కారులో మండపం దాకా తీసుకెళ్లినవాళ్లుంటే ఎలా సర్దారో కూడా చెప్పండి. పెళ్లి దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.