అప్‌డేట్: మా చిన్నోడు నడుస్తున్నాడు, పొద్దున మాత్రమే

పోయిన నెల అడిగాను కదా, ఐదేళ్ల మా బాబు అర కిలోమీటరు కూడా లేని బడికి స్కూటీ తీస్తేనే కదులుతాడు, ఏం చేయాలని. చాక్లెట్ ఆశ చూపమన్నారు కొందరు. చూపించాను. మూడో రోజుకే రెండు కావాలన్నాడు. ఆ ముచ్చట అక్కడితో బంద్.

కాళ్ల నొప్పులేమోనని డాక్టర్‌కు చూపించాను. ఏమీ లేదన్నారు. ఈ వయసు పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుందట.

అసలు పని చేసింది మా అత్తమ్మ ఉపాయం. మాది హన్మకొండ. సాయంత్రాలు "నంది దగ్గరికి పోదాం పా" అని వాణ్ణి వేయిస్తంభాల గుడికి నడిపించుకుపోయేది. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించాడని నేను చెబితే చెవికెక్కలేదు. స్తంభాలు లెక్కపెట్టడం మాత్రం బాగా పట్టుకుంది. ఇరవై దాటితే అంకెలు తప్పుతాయి, అది వేరే సంగతి. ఇప్పుడు బడి దారిలో కరెంటు స్తంభాలు లెక్కపెడతాడు. పదిహేడు. ఒక్కటి మిస్సయితే వెనక్కి పోవాల్సిందే! అందుకే ఇరవై నిమిషాలు ముందే బయల్దేరుతున్నాం.

ఫుట్‌పాత్ లేదు, ఆటోలు ఒరుసుకుంటూ పోతాయి. ఆ టెన్షన్ నాకు పోలేదు. వాణ్ణి గోడ వైపు ఉంచి చెయ్యి గట్టిగా పట్టుకుంటున్నాను.

సాయంత్రం తిరుగు ప్రయాణం ఇంకా స్కూటీ మీదే. దాని జోలికి ఇప్పుడే పోను. నిన్న ముసురులో స్కూటీ తీస్తే, గొడుగు పట్టుకుని నడుస్తానని ఏడ్చాడు.